హిందూకుష్ కనుమలో ఒక పగలు



దివ్య ఖుర్‌ఆన్ 90వ సూరా 'అల్ బలద్'లో 'అఖబా' అనే పదం వస్తుంది. మదరసాలో ఆ సూరాను మొదటిసారి చదివిన రోజున మా ఉస్తాద్ గారు ఉర్దూలో 'ఘాటీ' అని అర్థం చెప్పారు. తెలుగులో దానికి సరిపోయే మాట కనుమ. కొండల నడుమ కష్టపడి ఎక్కి దాటవలసిన నిటారు దారి అన్నమాట. ఘాటీ అనగానే అప్పట్లో మాకు స్ఫురించినది శ్రీశైలం ఘాట్ రోడ్డు, బస్సు మలుపులు మాత్రమే. ఆ పదం బరువు మాకు తెలిసివచ్చింది ఎన్నో ఏళ్ల తర్వాత, ఇబ్నె బతూతా యాత్రా గ్రంథంలో ఒక్క పగటి ప్రయాణాన్ని గురించి చదివినప్పుడు. నేడు ఆ పగటిని గురించే మీకు మనవి చేయదలిచాము.

ఇబ్నె బతూతా 1304లో మొరాకో దేశపు తాంజీర్ నగరంలో జన్మించారు. 21 ఏళ్ల వయసులో, 1325లో, హజ్ సంకల్పంతో ఇల్లు విడిచారు. మాలికీ ధర్మశాస్త్రం అభ్యసించిన పండితులు. తర్వాతి కాలంలో ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేశారు. ఇల్లు విడిచిన ఎనిమిదేళ్లకు మధ్య ఆసియా మీదుగా హిందూస్థాన్ వైపు వస్తూ హిందూకుష్ పర్వతాల ముందు నిలిచారు. అప్పటికి ఆయన ఒంటరి బాటసారి కారు. వెంట సహచరులు, గుర్రాలు, ఒంటెలు ఉన్నాయి. బానిసలు కూడా ఉన్నారు. ఈ చివరి మాటను శ్రోతలు గుర్తుంచుకోవాలి.

కొండకు ఇవతల కుందుజ్‌లో ఆ బృందం సుమారు 40 రోజులు ఆగింది. అక్కడ పచ్చిక బాగుండటం ఒక కారణమైతే, మంచు భయం రెండవ కారణం. ఆ ప్రాంతంలో గుర్రపు దొంగకు విధించే శిక్ష ఎంత కఠినమంటే పశువులను కాపరి లేకుండానే మేతకు వదిలేవారు. వీరి గుర్రాలు మూడు ఒక రాత్రి కనిపించకుండా పోతే, పక్షం రోజుల తర్వాత తాతారులే వాటిని తెచ్చి అప్పగించి వెళ్లారట. ఎండలు స్థిరపడ్డాక బయలుదేరి అందరాబ్ చేరారు. అక్కడ ఒక ఖాన్‌ఖా పెద్ద వారికి ఆతిథ్యం ఇచ్చి, కొండ మీద కూడా తోడు నడిచారు.

వారు దాటినది నేటి ఖావక్ కనుమ అని చరిత్రకారులు భావిస్తారు. ఎత్తు సుమారు 3,850 మీటర్లు. మన తూర్పు కనుమలలో ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్లకు లోపే. ఇది అంతకు రెండింతలు మించినది. 1398లో తైమూర్ సేన హిందూస్థాన్‌పైకి వచ్చినదీ ఈ దారినే.

తెల్లవారకముందే నడక మొదలుపెట్టి సూర్యాస్తమయం వరకు ఆగకుండా సాగారు. మంచు ఇంకా కరగలేదు. ఒంటెల కాళ్లు దిగబడకుండా దళసరి ఉన్ని నమదాలను వాటి ముందు పరిచి, వాటి మీదుగా నడిపించారు. ఒంటె దాటిన నమదాను తీసి మళ్లీ ముందు పరచాలి; దినమంతా ఇదే పని. ఆ కొండపై ఒక వేడినీటి ఊట కనిపించింది. చలిలో వేడినీరు దొరికిందని ముఖాలు కడుక్కుంటే చర్మం ఊడివచ్చి ఎంతో బాధపడ్డారు.

ఇక ఆ కొండ పేరు. హిందూకుష్ అంటే హిందూస్థానీయులను చంపేది అని ఇబ్నె బతూతా చెబుతారు. ఫార్సీలో 'కుష్తన్' అంటే చంపడం. హిందూస్థాన్ నుండి బానిసలుగా తరలించే బాలబాలికలలో చాలామంది ఆ చలికీ మంచుకీ అక్కడే మరణిస్తారని, అందుకే ఆ పేరు వచ్చిందని ఆయన వివరణ. ఈ పేరుకు వేరే వ్యుత్పత్తులు చెప్పే పండితులూ ఉన్నారు. వ్యుత్పత్తి ఏదైనా, పిల్లల మరణాన్ని గురించి ఆయన పలికిన మాట అలాగే ఉంది.

ఈ మాటను చూపి మన సమాజాన్ని నిందించేవారు కొందరున్నారు. నిందకు భయపడి దానిని దాటవేసే మనవారూ ఉన్నారు. రెండవ పద్ధతి మాకు మరింత బాధ కలిగిస్తుంది. ఆ పిల్లలను తోలుకుపోయిన వర్తకులలో, కొన్నవారిలో, నమాజు చేసేవారు ఉన్నారు. ఒంటెల కాళ్ల కింద నమదాలు పరిచారని గ్రంథంలో ఉంది. పిల్లల కాళ్ల కింద ఏమి పరిచారో అందులో లేదు.

ఆ బృందంలోనే ఒక పసికందు ఉంది. బుఖారా దాటాక దారిలో ఇబ్నె బతూతా బానిస స్త్రీకి పుట్టిన బిడ్డ, ఆయన సొంత కుమార్తె. హి.శ. 734 ముహర్రం మొదటి తేదీన, అంటే 1333 సెప్టెంబరులో, వారు సింధు నదిని చేరారు. ఢిల్లీ వచ్చిన కొద్దికాలానికే, ఏడాది నిండకుండానే, ఆ పాప కన్నుమూసింది. ఆమె జనాజాను సుల్తాన్ కొలువు మర్యాదలతో జరిపించింది. ఆ వివరాలన్నీ ఆయన శ్రద్ధగా చెప్పుకున్నారు. తన బిడ్డ మరణానికి పుటలు, కొండ మీది బిడ్డలకు ఒక్క వాక్యం. తండ్రి హృదయం అలాంటిదేనని ఒప్పుకుంటాము. అయినా ఆ తేడా మమ్మల్ని వదలదు.

ఇప్పుడు 'అల్ బలద్' సూరాకు వద్దాం. మనిషి ఆ కనుమను ఎక్కడానికి సాహసించలేదని అల్లాహ్ అంటున్నాడు. కనుమ అంటే ఏమిటో నీకు తెలుసా అని ప్రశ్నించి, తానే జవాబు చెబుతున్నాడు. మొట్టమొదటి జవాబు, బానిస మెడను విడిపించడం. తర్వాత, ఆకలి రోజున బంధువైన అనాథకో, మట్టిలో పడివున్న పేదకో అన్నం పెట్టడం. చుట్టూ కొండలున్న మక్కా ప్రజలకు కనుమ ఎక్కడం అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. తెల్లవారకముందు నుండి సూర్యాస్తమయం వరకు నిజమైన కనుమను ఎక్కి దిగిన మన ఖాజీ గారికి ఈ సూరా కంఠస్థమే అయివుంటుంది.

మొరాకో తిరిగి వెళ్లాక, సుల్తాన్ అబూ ఇనాన్ ఆజ్ఞపై ఆయన తన యాత్రలను చెబుతుండగా ఇబ్నె జుజై గ్రంథస్థం చేశారు. 1355లో అది పూర్తయింది. కొండ దిగిన తర్వాత పంజ్‌హీర్ దాటాక కలిసిన ఒక వృద్ధుని ముచ్చట కూడా అందులో ఉంది. ఆయనకు 350 ఏళ్లని జనం అనేవారు; నూరేళ్లకొకసారి తనకు కొత్త పళ్లు, కొత్త వెంట్రుకలు వస్తాయని ఆ వృద్ధుడు చెప్పాడు. ఇబ్నె బతూతా ఆయనను ప్రశ్నలడిగారు, ఆ మాటను సందేహించారు, సందేహించిన సంగతిని కూడా రాయించారు. కొండ పేరు విన్నప్పుడు మాత్రం ఆయన ఏ ప్రశ్నా రాయించలేదు.