మద్దతు ధర ఎలా పుట్టింది?

1964లో సి. సుబ్రమణ్యం కేంద్ర ఆహార మంత్రి అయ్యేనాటికి, పీఎల్-480 ఒప్పందం కింద అమెరికా గోధుమల ఓడలు వస్తేనే మన రేషను దుకాణాలు నిలకడగా నడిచేవి. అప్పటిదాకా సర్కారు చూపంతా పట్టణాల్లో ధర పెరగకుండా చూడటం మీదే. పండించేవాడికి ఏం మిగులుతుందన్నది ఆ తర్వాతి మాట.

సుబ్రమణ్యం ఆ వరస మార్చారు. ఆయన తెప్పించిన కొత్త వంగడం, మెక్సికో పొట్టి గోధుమ, బాగా పండాలంటే ఎరువు కావాలి, నీరు కావాలి, వాటికి అప్పు కావాలి. అంతా సమకూర్చుకుని విరగపండిస్తే మార్కెట్లో ధర పడిపోతుంది. ఆ భయం రైతుకు ఊరికే రాలేదు, బాగా పండిన ఏడాదే నష్టపోయిన అనుభవం అతనిది. కొత్త వంగడం వేయమన్న ప్రభుత్వమే ఆ నష్టానికి పూచీ పడాలి. మద్దతు ధరకు మూలం ఇదే. దాన్ని రైతుకు చేసే దానమనుకోవడం చరిత్ర తెలియకపోవడమే.

ఎల్.కె. ఝా కమిటీ సలహాతో 1965 జనవరిలో వ్యవసాయ ధరల కమిషన్ ఏర్పడింది. తొలి అధ్యక్షుడు ఆర్థికవేత్త ఎం.ఎల్. దంత్‌వాలా. అదే నెలలో తంజావూరులో ఆహార సంస్థ, అంటే ఎఫ్‌సీఐ, పని మొదలుపెట్టింది. ధర సిఫారసు చేసేది ఒకటి, ఆ ధరకు కొనేది మరొకటి. కొనేవాడు లేకపోతే ప్రకటించిన ధర కాగితం మీదే ఉండిపోతుంది. 1966లో 18,000 టన్నుల మెక్సికో గోధుమ విత్తనం దిగింది. 1966-67 పంటకు గోధుమ మద్దతు ధర క్వింటాలుకు 54 రూపాయలు. మన దగ్గర గోదావరి డెల్టాలో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో కొత్త వంగడం ఐఆర్-8 వరి పండించి చూపారు.

అయితే మద్దతు ధర పూచీ ఏనాడూ చట్టం కాలేదు. కొనుగోలు కేంద్రం ఉన్నచోట, ధాన్యంలో తేమ 17 శాతం దాటకపోతేనే ఆ ధర చేతికందుతుంది. రైతుల్లో మద్దతు ధరకు అమ్ముకోగలిగినవాళ్లు 6 శాతమేనని 2015లో శాంతకుమార్ కమిటీ చెప్పింది. 2020-21లో ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదిపాటు బైఠాయించిన రైతులు మద్దతు ధరకు చట్టబద్ధత అడిగింది అందుకే.

మద్దతు ధర సంగతి ఇలా ఉంటే, సర్కారు సాయం అందనివాళ్లలో నన్ను ఎక్కువ బాధించేది కౌలుదారు సంగతి. 2018లో తెలంగాణ పెట్టుబడి సాయం పథకం రైతుబంధు పంటకు ఎకరాకు 4,000 రూపాయలిస్తే, ఆ డబ్బు పట్టాదారు పేరునే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019లో సాగుదారు హక్కుల చట్టం తెచ్చినా, కౌలుదారుకు ఆ హక్కుల కార్డు రావాలంటే భూయజమాని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి. భూమి చేజారుతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు ఆ సంతకానికే వెనకాడుతున్నారు.