ముద్ద దిగగానే మొదలయ్యే తంటా

1825 ఆగస్టు 1, మధ్యాహ్నం పన్నెండు గంటలు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఫోర్ట్ నయాగరా సైనిక కోటలో విలియం బోమాంట్ అనే ఆర్మీ డాక్టరు ఒక పట్టుదారానికి కొన్ని ముక్కలు వరసగా కట్టాడు. మసాలా దట్టించి వండిన గొడ్డుమాంసం, ఉప్పులో ఊరేసిన పంది కొవ్వు, ఉప్పేసి ఉడికించిన మాంసం, ఎండిన రొట్టె, తరిగిన పచ్చి క్యాబేజీ. కట్టి, ఎదురుగా ఉన్న మనిషి పొట్టలోకి బయటినుంచే దించాడు. ఆ మనిషి అలెక్సిస్ సెయింట్ మార్టిన్. బొచ్చుతోళ్ల వ్యాపారంలో పడవలు నడిపే కూలీ. మూడేళ్ల కిందట మిషిగన్‌లో మకినాక్ దీవి మీది కంపెనీ కొట్లో ఎవరి చేతిలోదో తుపాకీ పొరపాటున పేలి అతని డొక్కలో తగిలింది. బతకడన్నవాడు బతికాడు గానీ జీర్ణాశయానికి పడ్డ కన్నం పూడలేదు. ఒంటి గంటకు దారం లాగి చూస్తే రొట్టె, క్యాబేజీ సగం కరిగి ఉన్నాయి, మాంసం అలాగే ఉంది. రెండింటికి లాగితే రొట్టె, క్యాబేజీ, కొవ్వు, ఉడికించిన మాంసం దారం మీద లేవు.

ఇలాంటి ప్రయోగాలు రెండు వందలకు పైగా చేసి బోమాంట్ 1833లో పుస్తకం వేశాడు. తిన్నది లోపల ఏమవుతుందో కళ్లారా చూసి రాసిన తొలి పుస్తకాల్లో అదొకటి. సెయింట్ మార్టిన్‌కు కోపం వచ్చినప్పుడు అరుగుదల తేడా కొడుతోందని కూడా అందులో రాశాడు. మార్టిన్‌కు ఎందుకు కోపం వచ్చేదో వేరే చెప్పాలా!

తిన్నది ఎలా అరుగుతుందన్న ప్రశ్నకు జవాబు అలా దొరకడం మొదలైంది. తిన్నాక కొందరికే కడుపు మెలిపెట్టడం, ఉబ్బరం, అప్పటికప్పుడు బాత్రూంకి పరుగు ఎందుకన్న ప్రశ్నకు మాత్రం వైద్యులకు ఇంకో దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. ఆ రెండు వందల ఏళ్లూ నేరం ఒకరి మీదినుంచి ఇంకొకరి మీదికి మారుతూ వచ్చింది.

మొదట తిండి మీద పడింది. మిషిగన్‌లోనే బాటిల్ క్రీక్ శానిటోరియంలో డాక్టర్ జాన్ హార్వీ కెలాగ్ మాంసం, మసాలాలు, కాఫీ మానిపించి రోగులకు ధాన్యపు అటుకులు పెట్టాడు. వాటి తయారీకి 1896లో పేటెంటు వచ్చింది. నేటి కార్న్‌ఫ్లేక్స్ పుట్టుక అజీర్తి వైద్యంలోనే ఉందన్నమాట. ఆ రోజుల్లోనే నేరం రోగి నరాల మీదికీ మళ్లింది. 1892లో విలియం ఆస్లర్ తన వైద్యగ్రంథంలో జిగటతో కూడిన విరేచనాలు, కడుపునొప్పి ఉన్న రోగుల్లో చాలామందిని నరాల బలహీనుల కోవలో వేశాడు. అప్పట్లో ఆ మాట ఎక్కువగా ఆడవాళ్లకే అంటగట్టేవారు.

హార్వర్డ్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్న వాల్టర్ కానన్, ఎక్స్-రేలు కనిపెట్టిన ఏడాది రెండేళ్లకే, పిల్లులకు బిస్మత్ కలిపిన తిండి పెట్టి జీర్ణాశయం కదలికలు చూశాడు. పిల్లి బెదిరితే కదలిక ఆగిపోయేది. నిమిరి శాంతపరిస్తే మళ్లీ మొదలయ్యేది. మెదడుకూ పేగుకూ సంబంధం ఉందని అది తేల్చింది. 1944లో మేయో క్లినిక్ వైద్యులు పీటర్స్, బార్జెన్ తమ వ్యాసానికి పెట్టిన పేరే ‘ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్’, మనం ఐబీఎస్ అంటున్నది.

ఆ దశకంలోనే న్యూయార్క్ కార్నెల్‌లో థామస్ ఆల్మీ చేసిన ప్రయోగం ఒకటుంది. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. పెద్దపేగు చివరిభాగాన్ని గొట్టంతో చూపించుకోవడానికి ముందుకొచ్చిన వైద్యవిద్యార్థికి, పరీక్ష మధ్యలో, లోపల క్యాన్సర్ కనిపిస్తోందని అబద్ధం చెప్పారు. చూస్తుండగానే పేగు ఎర్రబారి బిగుసుకుపోయింది. ఉత్తదేనని చెప్పాక సడలింది. మనసులో భయం పేగులో కనిపిస్తుందని ఆల్మీ చూపించాడు. దాన్ని అరకొరగా విన్న వైద్యలోకం రోగులతో “అంతా మీ మనసులోనే ఉంది” అనడం మొదలుపెట్టింది. ఆల్మీ చూపించింది పేగులో నిజంగా జరిగే మార్పు. రోగి ఊహించుకుంటున్నాడని ఆయన ఎక్కడా చెప్పలేదు. ఈ తేడా పట్టించుకోనందువల్ల కొన్ని తరాల రోగులు డాక్టర్ల దగ్గర నోరు విప్పడానికే జంకారు.

అసలు తిన్న వెంటనే ఏం జరుగుతుంది? భోజనం చేసి చెయ్యి కడుక్కోకముందే బాత్రూంకి పరిగెత్తేవాడు “ఇప్పుడు తిన్న పప్పుచారే కొంప ముంచింది” అంటాడు. ఆ పప్పుచారు ఇంకా జీర్ణాశయం దాటలేదు. పెద్దపేగు చేరడానికి దానికి ఇంకా గంటలు పడుతుంది. ముద్దలు దిగి జీర్ణాశయం సాగగానే, కొవ్వు చిన్నపేగుకు తగలగానే, నరాలూ హార్మోన్లూ పెద్దపేగుకు కబురు పంపుతాయి. అక్కడున్న నిన్నటి సరుకు ముందుకు కదులుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో లండన్ వైద్యుడు ఆర్థర్ హెర్ట్జ్ ఎక్స్-రేలతో ఈ కదలికను గమనించి వివరించాడు. పాలు తాగుతూనే పసిపిల్లలు గుడ్డలు పాడుచేయడానికి కారణం ఇదే. ఐబీఎస్ ఉన్న చాలామందిలో ఈ కదలిక మోతాదు మించుతుంది. భోజనం పెద్దదై, నూనె, నెయ్యి ఎక్కువైన కొద్దీ ఉధృతి పెరుగుతుంది. పెళ్లిభోజనం, బిర్యానీ, బఫే తర్వాత బాధ ఎక్కువ కావడానికి ఇది చాలావరకు చాలు.

కదలిక ఒక్కటే అయితే నొప్పి ఎందుకు? 1973లో ఆక్స్‌ఫర్డ్‌లో రిచీ అనే వైద్యుడు పెద్దపేగులో చిన్న బెలూన్ పెట్టి 60 మి.లీ. గాలి నింపి చూశాడు. ఐబీఎస్ లేనివాళ్లలో నూటికి ఆరుగురు నొప్పి అన్నారు, ఐబీఎస్ ఉన్నవాళ్లలో నూటికి 55 మంది. గాలి అదే, నరాలు వేరు. పేగులోని నరాల వ్యవస్థను కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ గెర్షన్ ‘రెండో మెదడు’ అన్నాడు. ఒంట్లోని సెరొటోనిన్‌లో సుమారు 95 శాతం ఉండేది పేగులోనే. తిండి తగిలితే పేగు గోడలోని కణాలు దాన్ని వదులుతాయి, అది కదలికనూ నొప్పి కబురునూ రేపుతుంది. దాన్ని అడ్డుకునే అలోసెట్రాన్ మందుకు అమెరికాలో 2000 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. పేగుకు రక్తం అందక దెబ్బతిన్న కేసులు బయటపడి నవంబరుకల్లా మార్కెట్ నుంచి తీసేశారు. మందు తిరిగి ఇవ్వమని రోగులే పట్టుబట్టారు. 2002లో కఠిన ఆంక్షలతో తిరిగొచ్చింది. ప్రాణాపాయం ఉందని తెలిసీ మందు కావాలన్నారంటే బాధ ఏపాటిదో ఊహించుకోవచ్చు.

భోజనమైన కొన్ని గంటల తర్వాత వచ్చే ఉబ్బరం కథ వేరు. హైదరాబాద్ ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివి వెళ్లిన డాక్టర్ సతీశ్ రావు అయోవా విశ్వవిద్యాలయంలో ఫ్రక్టోజ్ తాగించి ఊపిరిలో హైడ్రోజన్ కొలిచారు. 25 గ్రాముల దాకా తట్టుకున్న ఆరోగ్యవంతులే 50 గ్రాములు తాగితే చాలామంది పూర్తిగా పీల్చుకోలేకపోయారు. మిగిలింది పెద్దపేగుకు దిగితే బాక్టీరియా పులియబెట్టి గ్యాసు చేస్తుంది. మొక్కజొన్న నుంచి తీసిన ఫ్రక్టోజ్ పాకం కూల్‌డ్రింకుల్లో పారే దేశంలో, అందులోనూ మొక్కజొన్నకు పేరుపడ్డ అయోవాలో ఈ పని జరగడం తమాషా. 2005లో మెల్‌బోర్న్ మొనాష్ విశ్వవిద్యాలయంలో పీటర్ గిబ్సన్, సూసన్ షెపర్డ్ ఇలాంటి పులిసే పిండిపదార్థాలన్నిటికీ కలిపి ఫాడ్‌మ్యాప్ అని పేరు పెట్టారు. 2016లో మిషిగన్ విశ్వవిద్యాలయం వీటిని తగ్గించే పథ్యాన్ని ఐబీఎస్‌కు మామూలుగా చెప్పే పథ్యంతో పోల్చింది. మొత్తమ్మీద ఊరట పొందింది ఫాడ్‌మ్యాప్ పథ్యంలో నూటికి 52 మంది, మామూలు పథ్యంలో 41. తేడా పెద్దది కాదు గానీ నొప్పి, ఉబ్బరం తగ్గడంలో ఫాడ్‌మ్యాప్ పథ్యానిదే పైచేయి. ఈ కథలో మిషిగన్ మాటిమాటికీ తగులుతూనే ఉంటుంది.

అన్నిటికన్నా వింతైన సంగతి 2021లో బెల్జియం లూవెన్ నుంచి వచ్చింది. పేగుకు ఇన్‌ఫెక్షన్ సోకిన రోజుల్లో తిన్న పదార్థాన్ని శరీరం పొరపాటున శత్రువుగా గుర్తుపెట్టుకుంటుందని గయ్ బూక్స్‌టాన్స్ బృందం ఎలుకల్లో చూపింది. ఇన్‌ఫెక్షన్ తగ్గిపోయినా అదే తిండి మళ్లీ తగిలినప్పుడు పేగులోని మాస్ట్ కణాలు హిస్టమిన్ వదిలి నొప్పి నరాలను రేపుతాయి. ఐబీఎస్ ఉన్న 12 మంది పేగు గోడలో గోధుమ, గ్లుటెన్, సోయా, పాల పదార్థాలు సూదితో ఎక్కిస్తే ప్రతి ఒక్కరికీ ఏదో ఒకదానికి వాపు వచ్చింది. మామూలువాళ్లలో ఎనిమిది మందిలో ఇద్దరికే వచ్చింది. రక్తపరీక్షలో, చర్మపరీక్షలో ఈ అలర్జీ కనిపించదు. “ఊళ్లో ఆ విరేచనాలు పట్టుకున్నప్పటినుంచే ఇదంతా” అనే రోగి మాటను డాక్టర్లు ఇప్పుడు కాస్త చెవిన పెడుతున్నారు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగింటి వంటింట్లో ఇదంతా ఎక్కడ తగులుతుందంటే, పోపు గిన్నెలో. ఉల్లి, వెల్లుల్లి, గోధుమలో ఉండే ఫ్రక్టాన్లను, శనగలు, రాజ్మా, పప్పుల్లో ఉండే గెలాక్టాన్లను అరిగించుకునే ఎంజైము ఏ మనిషికీ లేదు. డయటీషియన్ “ఉల్లి, వెల్లుల్లి మానండి” అన్నప్పుడు మనవాళ్లకు ఇంక తినడానికేముందనిపిస్తుంది. కానీ ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. వెల్లుల్లి రెబ్బలు నూనెలో వేయించి, రెబ్బలు తీసేసి, ఆ నూనెతో తాలింపు పెడితే వాసన దక్కుతుంది, ఉబ్బరం రాదు. పొడి ఇంగువలో చాలా రకాలకు గోధుమపిండి కలుపుతారు కాబట్టి డబ్బా వెనక చదవాలి.

ఈ పథ్యం ఎల్లకాలం చేసేది కాదు. అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ కాలేజీ 2021 మార్గదర్శకాలు దీన్ని కొంతకాలం చేసి చూడమనే అన్నాయి. రెండు నుంచి ఆరు వారాలు మానేసి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తిని చూసుకోవాలి. చాలామంది మొదటి సగం చేసి ఆగిపోతారు. మలంలో రక్తం, ఊరికే బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే అది ఐబీఎస్ అనుకుని వంటింట్లో తేల్చుకునే సంగతి కాదు, ముందు డాక్టరు చూడాలి. అవేవీ లేనివాళ్లు ఉల్లిపాయను కొద్దికొద్దిగా మూడు రోజులు పెంచుకుంటూ తిని చూడవచ్చు. ఉల్లికాడల ఆకుపచ్చ భాగానికైతే ఈ పరీక్ష కూడా అక్కర్లేదు, మొదటి రోజు నుంచే కూరలో వేసుకోవచ్చు.