చిన్న పత్రిక, పెద్ద బలము

పత్రికాచరిత్ర మనగానే బందరువారికి స్ఫురించునది కృష్ణాపత్రిక. 1902లో ఈ పట్టణమున వెలసి, 1907 నుండి 1945 వరకు ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వమున వర్ధిల్లిన ఆ పత్రిక కెదురు నిలిచిన బలము పరప్రభుత్వము. దానికి చట్టము, న్యాయస్థానము, చెరసాల కలవు. శిక్ష యెచ్చటనుండి వచ్చునో విలేఖకు డెరుగును.

స్వాతంత్ర్యానంతరము మరియొక బలము తలయెత్తినది. నాడు మన కృష్ణామండలముననే యున్న విజయవాడలో ముఠాల పగలు ప్రబలి, వీధులనుండి రాజకీయములవరకు ప్రాకినవి. 1974లో వంగవీటి రాధా హతుడయ్యెను. 1988 డిసెంబరు 26న, నిరాహారదీక్షలో నున్న ఆయన సోదరుడు, శాసనసభ్యుడు మోహనరంగాయు హతుడయ్యెను.

ఆ రెండింటి నడుమ 1985లో, విజయవాడయందే, ఎన్‌కౌంటర్ పత్రికా సంపాదకుడు పింగళి దశరథరాము హత్యచేయబడెను. అధికారవంతులను పేరుపెట్టి నిలదీసిన చిన్న పత్రిక యది. దాని భాష పరుషము; సంప్రదాయమున చదివిన నేను దానిని మెచ్చను. కాని పరుషవాక్యమునకు బదులు వాక్యమో, న్యాయస్థానమో కావలెను గాని ఆయుధము కారాదు.

మహానగర పత్రికకు ధనము, న్యాయవాదులు అండ. చిన్న పత్రికవాడో, తాను వ్రాసినవాని వీధినే నడువవలెను. సిసిలీ ద్వీపమున, పార్తినికో పట్టణమందలి తెలెయాతో అను చిన్న దూరదర్శనకేంద్రము మాఫియా ముఠాల నెదిరించినపుడును ఇదియే చిక్కు.

కావున గుడివాడయందైనను, దివిసీమయందైనను, నిజము వ్రాసినవానిని ఒంటరిగా విడువకుండుట చదువరుల ధర్మము. వాని కున్న కోట యదియొక్కటే.