పాలసీసా పుట్టుపూర్వోత్తరాలు

పాలసీసాని మనం నిన్నమొన్న వచ్చిన సరుకనుకుంటాం. కాని తల్లిని పోగొట్టుకున్న పసిగుడ్డు, తల్లికి పాలు పడని పసిగుడ్డు లేని కాలం ఏది? జర్మనీలోని బవేరియాలో పసిపిల్లల సమాధుల్లో చిన్నచిన్న మట్టిపాత్రలు దొరికాయి. పక్కన సన్నని కొమ్ము, పాపాయి నోటికి సరిపడేటంత! లోపల అంటుకున్న జిడ్డుని పరీక్షించి, వాటిలో పోసింది పశువుల పాలేనని 2019లో శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ పాత్రల వయస్సు దాదాపు రెండున్నర వేల నుంచి మూడు వేల ఏళ్ళు. ఏ తల్లి మనసో మరి, బిడ్డతోపాటు పాలగిన్నెని కూడా మట్టిలో పెట్టింది.

ఆ తర్వాత యూరప్‌లో ఆవుకొమ్ము కొనకి చిల్లుపెట్టి, తోలుముక్క చుట్టి పాలు పట్టేవారు. 1770లో హ్యూ స్మిత్ అనే లండన్ వైద్యుడు టీ కాచే పాత్రలాంటిది తయారుచేసి, దాని కొమ్ముకి గుడ్డ కట్టించాడు. 1845లో న్యూయార్క్‌లో ఎలిజా ప్రాట్ రబ్బరు పీకకి పేటెంటు తీసుకున్నాడు. ఇక పాలసీసాకి తిరుగు లేకపోయింది.

అసలు కథ ఇక్కడే వుంది. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో ఒక కొత్తరకం సీసా వచ్చింది. సీసామూతిలోంచి పొడుగాటి రబ్బరు గొట్టం, దాని చివర పీక. సీసాని ఉయ్యాల్లో పడేసి పీకని నోట్లో పెడితే చాలు, బిడ్డ తనంతట తానే తాగుతుంది, తల్లి తన పని చూసుకోవచ్చు! వాటికి పేర్లు కూడా ఎంతో ముద్దుగా పెట్టారు - ప్రిన్సెస్ అనీ, అలెగ్జాండ్రా అనీ. కాని అంత పొడుగు గొట్టంలోకి ఏ బ్రష్షు వెళ్తుంది? పాలు లోపలే పేరుకుని పులిసేవి. 1861లో అచ్చయిన మిసెస్ బీటన్ గృహనిర్వహణ పుస్తకం ఆ రోజుల్లో ఇల్లాళ్ళకి వేదం. సీసాకి తగిలించిన పీకని రెండు వారాలదాకా తీయనక్కర్లేదని అందులో రాసి వుంది. అప్పటికి క్రిముల సంగతి ఇళ్ళదాకా రాలేదు. ఆ సలహా ఇచ్చిన ఇసబెల్లా బీటన్ కూడా అంతకు నాలుగేళ్ళ ముందే మూడు నెలల బిడ్డని పోగొట్టుకున్న తల్లే. నాలుగో కానుపు తర్వాత 1865లో ఆవిడా పోయింది, 28 ఏళ్ళకే.

పసివాళ్ళు విరేచనాలతో రాలిపోతుంటే, జనం ఆ సీసాలకి 'చంపే సీసాలు' అని పేరు పెట్టారు. ఫ్రాన్సు 1910లో చట్టం చేసి వాటిని నిషేధించింది. ఈలోగా లండన్‌కి చెందిన అలెన్ అండ్ హాన్‌బరీస్ వాళ్ళు పడవ ఆకారంలో, రెండు చివర్లా తెరిచి వుండే సీసాని తెచ్చారు. కుళాయి కింద పెడితే నీళ్ళు ఈ కొసనుంచి ఆ కొసకి పారతాయి. ఆకారం మారటంతో ఇంత ప్రమాదం తప్పింది, చూశారా!

క్రిముల బెడద తగ్గాక పాపాయి నోటి సంగతి గుర్తొచ్చింది. తల్లిపాలు తాగే బిడ్డ నోరు బాగా తెరుస్తుంది. దవడని కదిలిస్తూ, నాలుకని అలలా ఆడిస్తూ పాలు లాక్కుంటుంది. పళ్ళు రాకముందే దవడకి అది మంచి కసరత్తు. సీసాతో అంత శ్రమ లేదు. పైగా పాలు త్వరగా అవుతాయని సూది కాల్చి పీక చిల్లు పెద్దది చేసేవాళ్ళు కొందరు. ఆ ధారకి ఉక్కిరిబిక్కిరై, బిడ్డ నాలుకని అడ్డంపెట్టి పాలని ఆపుకోవాల్సి వస్తుంది. ఇది గమనించే 1956లో జర్మనీలో బాల్టర్స్, ముల్లర్ అనే ఇద్దరు దంతవైద్యులు దవడకి అనువుగా ఒక పక్క చదునుగా వుండే పీకని రూపొందించారు. పీక ఎలాంటిదైనా ఏళ్ళతరబడి చీకితే ముందు పళ్ళ వరస చెడుతుంది. నిద్రపోయే బిడ్డ నోట్లో సీసా వదిలేస్తే పాలు పళ్ళచుట్టూ నిలిచి, పై పళ్ళు పుచ్చిపోతాయి. అందుకే ఏడాది నిండాక, ఏడాదిన్నర లోపల సీసా మానిపించమంటారు దంతవైద్యులు.

మరి మన ఉగ్గుగిన్నె? దానికి గొట్టం లేదు, పీక లేదు. వేలు పెట్టి తోమితే శుభ్రం. తమిళులు పాలాడై అనే దాని తోబుట్టువుని, తక్కువ బరువుతో పుట్టి తల్లి దగ్గర తాగలేని పిల్లల విషయంలో 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుపెట్టి మరీ చెప్పింది - కప్పుతోగానీ పాలాడైతోగానీ చెంచాతోగానీ పట్టమని. మన దేశంలోనూ పాలసీసాల ప్రకటనలని 1992 నాటి చట్టం నిషేధించింది.

ఉద్యోగానికి వెళ్ళక తప్పని తల్లినీ, ఒంట్లో బాగాలేని తల్లినీ సీసా పట్టిందని దెప్పడం నా ఉద్దేశం కాదు. 'బిడ్డ తనంతట తానే తాగుతుంది' అన్న ఆ పాత అమ్మకపు మాటే నాకు భయం. ఉగ్గుగిన్నెలో ఆ సౌకర్యం లేదు. ఒళ్ళో వేసుకుని, తల కాస్త ఎత్తిపెట్టి, గుటక గుటకకీ మొహం చూస్తూ పట్టాల్సిందే. సీసా పట్టినా అలాగే పట్టండి. అమ్మకి తీరకపోతే నాన్న పట్టొచ్చు, నాయనమ్మ పట్టొచ్చు. ఉయ్యాల్లో మటుకు వదిలెయ్యకండి.