గైడు చెప్పే కథల వయసెంత?

పెరూలో ఒకప్పటి ఇన్కాల రాజధాని కుస్కో నగరాన్ని పేటపేటా తిప్పి చూపించిన తొలి గైడు ఆ పని చేసేనాటికి ఆ ఊళ్లో లేడు. ఇన్కా రాజవంశపు ఆడపడుచుకూ ఒక స్పానిష్ సైనికాధికారికీ 1539లో అక్కడే పుట్టిన ఇన్కా గార్సిలాసో దె లా వేగ, 1560లో స్పెయిన్‌కు ఓడెక్కాడు. మళ్లీ తిరిగి రాలేదు. అక్కడే ముసలివాడై రాసిన ‘కొమెంతారియోస్ రియాలెస్’ 1609లో లిస్బన్‌లో అచ్చయింది. అందులో కొన్ని అధ్యాయాలు అచ్చంగా నడకే. ఈ పేట దాటితే ఆ పేట, ఈ గోడ ఫలానా ఇన్కా రాజుది, ఇప్పుడందులో కాపురముంటున్నది ఫలానా స్పానిష్ దొర. చిన్నప్పుడు తిరిగిన వీధులను కళ్లు మూసుకుని, వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటున్నట్టు ఉంటుంది ఆ రాత.

ఇప్పుడు పొద్దున్నే ప్లాజా దె ఆర్మాస్‌లో పదిమందిని పోగేసుకుని బయల్దేరే గైడు చెప్పేదాంట్లో సగం ఆయన పెట్టిన భిక్షే. సముద్ర మట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున్న ఊరది. కొత్తవాళ్లకు నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. కోకా ఆకుల టీ తాగి ఊపిరి కూడదీసుకునేలోపు గైడు మొదటి మాట అనేస్తాడు: “కుస్కో అంటే బొడ్డు. ఇది లోకానికి నాభి.” ఇది గార్సిలాసో చెప్పిన అర్థం. పెరూ భాషావేత్త రొదోల్ఫో సెర్రోన్-పలోమినో ఒప్పుకోలేదు. ఆ పేరు ఐమారా భాషదనీ, ‘గుడ్లగూబ బండ’ అన్న మాటలోంచి వచ్చిందనీ ఆయన వాదన. ఇన్కాల మూలపురుషుల్లో ఒకడు రెక్కలు తొడుక్కుని ఎగిరి, ఇక్కడ వాలి రాయైపోయాడన్న పాత కథకు ఈ అర్థమే అతుకుతుంది. కానీ లోకనాభి అంటే తలెత్తి వినేవాళ్లు గుడ్లగూబ అంటే అంత శ్రద్ధగా వింటారా? గైడును తప్పుపట్టలేం.

గైడులు రాకముందు కూడా ఈ ఊళ్లో నడకకు ఒక పద్ధతి ఉండేది. కోరికాంచా అనే సూర్యాలయం నుంచి నలుదిక్కులకూ నలభైకి పైగా కనబడని గీతలు సాగేవి. వాటిని సెకెలు అంటారు. ఒక్కో గీత వెంట ఊటలు, బండలు, మలుపులు. మొత్తం మీద మూడొందలకు పైగా మొక్కుచోట్లు. ఏ గీత బాగోగులు ఏ వంశం చూసుకోవాలో కూడా నిర్ణయమై ఉండేది. పదిహేడో శతాబ్దంలో బెర్నాబే కోబో అనే మతగురువు ఆ జాబితాను తన గ్రంథానికి ఎక్కించుకోబట్టి అవి మనకు మిగిలాయి. సితువా పండుగనాడైతే నాలుగు వందలమంది యోధులు ఊరి నడిమధ్య నుంచి దిక్కుకు వందమంది చొప్పున, రోగాలను ఊరవతలకి తరుముతూ పరుగెత్తేవారు.

ఆ పరుగు మొదలైన చోటే ఇప్పటి ప్లాజా. అప్పట్లో దాని పేరు హౌకైపాత. అక్కడ నేలంతా ఇసుక పరిచి ఉండేది. కొండల్లో దొరికిన ఇసుక కాదు, పసిఫిక్ తీరం నుంచి ఆండీస్ కొండలెక్కించి మోయించి తెచ్చింది. సముద్రం మీది భక్తితో తెచ్చారట. స్పానిష్ పాలనలో ఇక్కడ అధికారిగా ఉన్న పోలో దె ఒందెగార్దో దాన్ని తవ్వించి, కొత్తగా లేస్తున్న కెథెడ్రల్ పనికి వాడించాడు. జనం మొక్కు మానలేదని ఒక కారణం, ఎలాగూ ఇసుక కావాలని ఇంకో కారణం. కుస్కోలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యమనిపించే సంగతి ఇదే. ఒక ఇన్కా గోడలోని పన్నెండు మూలల రాయి ముందు ఫొటోలకు ఎగబడే జనం, దగ్గర్లోని కెథెడ్రల్ గోడల్లో సముద్రం ఉందని తెలియకుండానే వెళ్లిపోతుంటారు.

ఇక గైడు మాటల్లో మిగతా సగం ఇరవయ్యో శతాబ్దపు సరుకు. 1908లో రైలొచ్చింది. 1920లో మార్తిన్ చాంబి ఇక్కడ ఫొటో స్టూడియో పెట్టాడు. అతని పోస్టుకార్డుల్లో కుస్కో గోడలు దేశాలు తిరిగాయి. 1933లో ఈ ఊరిని ‘దక్షిణ అమెరికా పురావస్తు రాజధాని’గా గుర్తిస్తూ చట్టం చేశారు. 1944లో ఇంతి రైమి అనే సూర్యపండుగను మళ్లీ జరిపారు. స్పానిష్ పాలకులు దాన్ని మాన్పించి నాలుగు శతాబ్దాలు కావస్తుంటే, ఎలా జరపాలో చెప్పేవాళ్లెవరు? మళ్లీ గార్సిలాసో పుస్తకమే దిక్కయింది. స్థానిక రచయిత ఫౌస్తినో ఎస్పినోసా నవార్రో ఇన్కాల భాష కెచువాలో సంభాషణలు రాసి, తనే ఇన్కా వేషం కట్టాడు. 1950 మే 21న భూకంపం వచ్చింది. కోరికాంచా మీద కట్టిన సాంతో దొమింగో మఠం చాలావరకు కూలి, దాని చాటున శతాబ్దాలుగా దాగిన ఇన్కా గోడలు బయటపడ్డాయి. అవి చెక్కుచెదరలేదు.

“ఊరంతా ప్యూమా ఆకారంలో ఉంది, సక్సాయ్‌వామాన్ కోట దాని తల” అన్న మాటకు మూలం పదహారో శతాబ్దపు రాతల్లో ఉంది. ఊరికి ప్యూమా అని పేరుపెట్టారనీ, తల లేదు కాబట్టి కోట కట్టారనీ స్పానిష్ చరిత్రకారుడు సార్మియెంతో దె గాంబోవా 1572లో రాశాడు. దాన్ని నిజంగా పట్టణ పటంలా చదివినవాడు అమెరికన్ పురావస్తువేత్త జాన్ రో, 1967లో. అది ఒక పోలిక మాత్రమేనని మానవశాస్త్రవేత్త టామ్ జూడెమా తర్వాత వాదించాడు. వాదన తేలకుండానే ప్యూమా బొమ్మ టీ షర్టుల మీదికెక్కింది.

ఇంద్రధనుస్సు జెండా సంగతి మరీ తమాషా. ప్రతి బాల్కనీలో రెపరెపలాడే దాన్ని చూసి ఇన్కాలది కాబోలు అనుకుంటాం. 1973లో ఒక స్థానిక రేడియో రజతోత్సవానికి కుట్టించిన జెండా అది. 1978లో పురపాలక సంఘం దాన్ని ఊరి జెండా చేసింది. వేరే ఉద్యమాల జెండాతో తికమక పడుతున్నారని 2021లో మధ్యన బంగారు సూర్యుణ్ని చేర్చారు.

వీటన్నిటినీ ఒక్క పూట నడకలో కుట్టి చెప్పడం ఇప్పుడు వృత్తి. 2005లో పెరూ గైడుల కోసం ప్రత్యేక చట్టమే చేసింది. ఆ తర్వాత యూరప్ నగరాల నుంచి కొత్త పద్ధతి వచ్చింది: టికెట్ లేదు, నడిచాక నచ్చినంత ఇచ్చి పో. దీంతో కథనానికి పదును పెరిగింది. గంగిరెద్దులా తలూపి వదిలేసే గుంపును చివరిదాకా పట్టి ఉంచితేనే గైడు జేబు నిండుతుంది. గుడ్లగూబ కన్నా నాభి గెలవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

గార్సిలాసో మాత్రం చివరికి ఊరు చేరాడు, కొంతవరకు. 1616లో కోర్దోబాలో పోయిన ఆయన సమాధిలోని అవశేషాల్లో కొంత భాగాన్ని 1978లో స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ తెచ్చి అప్పగించాడు. కెథెడ్రల్‌ను ఆనుకుని ఉన్న ఎల్ త్రియున్ఫో చర్చిలో అవి ఉన్నాయి. లోపలికి వెళ్లాలంటే వేరే టికెట్ కొనాలి. అందుకని గుంపులు బయటే నిలబడి, గైడు నోట లోకనాభి కథ విని, త్రియున్ఫో వీధి వెంట పన్నెండు మూలల రాయి వైపు నడుస్తాయి.