కాటమరాజు కథలోని రెండు పోరులు

కాటమరాజు పేరు వినినంతనే మన యాదవ సోదరుల హృదయము లుప్పొంగుట సహజము. ఎఱ్ఱగడ్డపాటి రణమును తలచి గర్వింపనివారు మనలో నుండరు. కాని యా కథను కడముట్ట వినినవారికి ఉత్సాహముకంటె శోకమే యెక్కువగా మిగులును. ఆ శోకమునకు మూలములైన రెండు పోరులనుగూర్చి యీ మహాసభా సందర్భమున సంగ్రహముగా విన్నవింప దలచితిమి.

మొదటిది వెలుపలి పోరు. ఈ కథ 13వ శతాబ్దము నాటిదని పెద్దల యభిప్రాయము. వానలు లేక మేత కరవుకాగా కాటమరాజు మందలను తోలుకొని నెల్లూరిసీమకు తరలెను. ఆ సీమ కధిపతి నల్లసిద్ధిరాజు. పచ్చికకు మారుగా మందలో పుట్టిన కోడెదూడలను రాజున కిచ్చుటకు ఒడంబడిక జరిగెను. పిదప రాజుగారి ఉంపుడుకత్తె పెంచుకొన్న చిలుక గొల్లలచేత చచ్చెను. ఆమె పగబూని యావులను చంపించెను. పసులకు రక్షణ లేనిచోట పుల్లరి చెల్లింప నక్కరలేదని కాటమరాజు నిరాకరించెను. ఇట్లు కూర్చుండి తీర్చుకొనదగిన తగవు కత్తులదాక పోయెను.

రెండవది లోపలి పోరు. ఇది శత్రుసేనాని యింటిలో జరిగినది. కవిబ్రహ్మ తిక్కన సోమయాజికి జ్ఞాతిసోదరుడైన ఖడ్గతిక్కన నల్లసిద్ధి పక్షమున పోరి, సేన నశింపగా ఒంటరిగా నిల్లు చేరెను. ఇల్లాలు ఆడువారికివలె మంచము చాటున స్నానమునకు నీళ్లును పసుపును పెట్టెను. తల్లి విరిగిన పాలు వడ్డించెను. మన భాషలో సేన విరుగును, మంద విరుగును, పాలును విరుగును. పోరు విడిచివచ్చిన కొడుకును నొప్పించుటకు ఆ తల్లికి దొరకినది పాడికి చెందిన మాటయే. మన యిండ్లలో దినదినమును వినబడు మాట పగవాని తల్లి నోట వెలువడినది!

ఆమెకు కడుపుతీపి లేదా? కొడుకు తిరిగిపోయినచో బ్రతికి రాడని యెరుగదా? ఎరిగియే యాడినదని మేము తలంతుము. పరువొకవంకను, ప్రేమ యొకవంకను లాగగా ఆమె కన్నీరు బయటికి రాలేదు. ఆ పాలగిన్నెలోనే యది నిలిచినది. తిక్కన మరల రణమునకేగి మడిసెను. ఇటు మన వీరులును నేలకొరగిరి. తల్లుల దుఃఖమునకు పక్షభేద మెక్కడిది?

ఈ కథను తరతరములుగా పాడి నిలిపిన కొమ్మువారు మన కులమువారు కారు. వారి ఋణము మనము తీర్పలేనిది. డాక్టరు తంగిరాల వేంకట సుబ్బారావుగారు పరిష్కరించిన కాటమరాజు కథల ప్రథమసంపుటమును ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1976లో ప్రకటించెను. అంతకుముందు ఈ కథకు గాయకుల కంఠములును, తాళపత్రములును ఆధారములు.

కావున సోదరులకును, పోషకులైన మహాశయులకును మా మనవి యొక్కటియే. జాతరలలో నీ కథను పాడించునపుడు మన గెలుపు ఘట్టములను మాత్రమే కోరి, తిక్కన యింటి ఘట్టమును విడువకుడు. పగవాని తల్లికిని చోటిచ్చిన కథ మనది. అదియే దాని పెద్దరికము. పుల్లరివంటి తగవు లిప్పటికిని మన పల్లెలలో పుట్టుచునే యున్నవి. అవి కత్తిదాక పోకముందే ఆ పాలగిన్నెను తలచుకొందుము గాక.