సర్వర్ రిఫ్యూజ్‌డ్ అవర్ కీ

ఉబుంటు 20.04 నుంచి 22.04కి అప్‌గ్రేడ్ ముగిసింది. రీబూట్ కూడా అయింది. మాధాపూర్ ఆఫీసులో మీ ల్యాప్‌టాప్ నుంచి సర్వర్‌లోకి ఇట్టే లాగిన్ అయ్యారు. ఇక ఇంటికి బయల్దేరదామనుకునేలోపు ఫోన్. కర్నూలులో ఇంటి నుంచి పనిచేసే కుర్రాడు.

"అన్నా, సర్వర్ రిఫ్యూజ్‌డ్ అవర్ కీ అంటోంది. సాయంత్రం దాకా బానే ఉండె కదన్నా!"

"నీ సిస్టమ్‌లో ఏమన్నా మార్చినావా?"

"ఏం ముట్టుకోలేదన్నా."

సర్వర్ కాదంటోందంటే అసలు అక్కడిదాకా చేరినట్టే. కాబట్టి ఫైర్‌వాల్‌నీ, పోర్ట్ 22నీ వదిలేస్తారు. అతని పబ్లిక్ కీ ఉండాల్సిన చోటే ఉంది, ఫైల్ పర్మిషన్లూ సరిగానే ఉన్నాయి. మీది కూడా ఆర్‌ఎస్‌ఏ కీయే. మరి మిమ్మల్ని రానిచ్చి అతన్ని ఎందుకు ఆపుతోంది?

ఊహించడం కన్నా లాగ్ చూడటం ఎప్పుడూ మేలు. ఆథ్ లాగ్‌కి టెయిల్ పెట్టి, "మళ్లీ కొట్టు" అంటారు. స్క్రీన్ అడుగున కొత్త లైను పడుతుంది: కీ టైప్ ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ, అనుమతించిన అల్గారిథమ్‌లలో లేదు.

దొరికింది. 22.04తో వచ్చేది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.9. లాగ్‌లోని ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ అంటే షా-1 హ్యాష్‌తో పెట్టే ఆర్‌ఎస్‌ఏ సంతకం; అలాంటివి 2021లో వచ్చిన 8.8 నుంచే డీఫాల్ట్‌గా చెల్లవు. ఆపడం సబబే. ఒకే షా-1 హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు 2017లోనే చేసి చూపించారు. అతని కీకి ఏ లోపమూ లేదు, దాంతో సంతకం పెడుతున్న పుట్టీ ప్రోగ్రామే పాతబడింది.

సర్వర్ కాన్ఫిగ్‌లో ఒక్క లైను చేరిస్తే పాత సంతకం మళ్లీ చెల్లుతుంది. ఈ వేళప్పుడు చెయ్యి అటే పోతుంది. కానీ ఒక్కడు లోపలికి రావడానికి ఊరందరికీ గడియ తీసిపెట్టడం అది. వద్దు.

"నీ పుట్టీ ఏ వెర్షన్‌రా?"

"0.70 అన్నా."

2017 నాటిది. పుట్టీకి షా-1 బదులు వాడే షా-2 సంతకాలు 0.75తో గానీ రాలేదు.

"కొత్తది దించుకొని వేసుకో. కీ అదే ఉంచు."

డౌన్‌లోడ్, ఇన్‌స్టాల్, అవతల మౌస్ క్లిక్కుల చప్పుడు. లాగ్‌లో ఇంకో లైను: యాక్సెప్టెడ్ పబ్లిక్ కీ.

"వచ్చిందన్నా!"

"మంచిది. టీమ్‌లో ఇంకా ఎవరెవరు పాత పుట్టీ వాడుతున్నారో కనుక్కుని, పొద్దున షిఫ్ట్ మొదలయ్యేలోపు అందరితో మార్పించు."